ఉరుముల మేస్త్రి నోరు మూసుకున్న రోజు

మా బావని ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఉరుముల మేస్త్రి అంటారు. ఆయన కట్టిన ఇళ్లు ఎక్కడున్నాయో తెలియనివాళ్లకి కూడా ఆయన గొంతు తెలుసు. రెండు వీధుల అవతల ఆయన పని చేయిస్తున్నా, మా హార్డ్‌వేర్ షాపు గల్లాపెట్టె ముందు కూర్చున్న నాకు పని ఎంతవరకు వచ్చిందో తెలిసిపోయేది. తిట్లు నేల మీంచి వస్తుంటే ఇంకా పునాదిలోనే ఉన్నారని, గాల్లోంచి వస్తుంటే గోడలు లేచాయని లెక్క. ఆయన భార్యకి చెల్లెల్ని కాబట్టి ఈ మాట ఆయన మొహం మీదే అనగలను. వీలు చిక్కినప్పుడల్లా అంటూనే ఉంటాను.

బావకి ఒక సిద్ధాంతం ఉంది. గోడ నిలబడాలంటే ఇటుక, ఇసుక, సిమెంటు, నీళ్లు ఉంటే చాలదు, తిట్టు కూడా తగుపాళ్లలో పడాలి. తిట్టు తగ్గితే గోడ బీటలిస్తుంది. ఆయనకి పని నేర్పిన గురువు చేతికి తాపీ ఇవ్వడానికి ముందు కొన్నేళ్లపాటు తిట్లే ఇచ్చాడట.

"ఆయన తిట్టబట్టే నేను మేస్త్రినయ్యాను" అంటాడు బావ.

"తిట్టకపోయుంటే ఇంకా ముందే అయ్యుండేవాడివేమో బావా."

"మేకులమ్ముకునేదానివి, నీకేం తెలుస్తుందిలే" అని మేకులే కొనుక్కుని పోయేవాడు.

ఏ కట్టడంలో ఏ తిట్టు పడిందో కూడా ఆయనకి గుర్తే. మా వీధి చివర పళ్ల డాక్టరు ఇంటి మెట్లు చూపించి, "ఎంత సమానంగా ఉన్నాయో చూడు. దున్నపోతా అని నాలుగుసార్లు అంటేగానీ ఆ పై మెట్టు దారికి రాలేదు" అని మురిసిపోతాడు. నిజం చెప్పొద్దూ, మెట్లు సమానంగానే ఉంటాయి. ఆయన పనిలో వంక పెట్టడానికి నేను చాలా ప్రయత్నించాను గానీ దొరకలేదు.

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని లోకంలో చాలామంది మగవాళ్ల గురించి చెప్పుకుంటారు. మా అక్క ఇంట్లో అది తిరగబడింది. గుమ్మం దాటి లోపలికొచ్చాక ఆయన నోట్లో నాలుక ఉందా అని అనుమానం వస్తుంది. కూరలో ఉప్పు మరిచిపోయినా మాట్లాడకుండా తినేసి, చెయ్యి కడుక్కుని, "బాగుంది" అంటాడు. "పగలంతా అక్కడే ఖర్చుపెట్టేసి వస్తాడే. ఇంటికొచ్చేసరికి ఏమీ మిగలదు. నాకదే లాభం" అంటుంది అక్క.

ఆ లాభం కూలీలకి నష్టమని ఎవరికీ పట్టని రోజులవి. పొద్దున్నే కూలీల అడ్డా దగ్గర, నాలుగు రోడ్ల కూడలిలో, మనుషులు పలుగూ పారా పట్టుకుని వరసగా నిలబడేవాళ్లు. బావ సైకిలు దిగి, సంతలో వంకాయలు ఏరుకున్నట్టు ఏరుకునేవాడు. ఒకరి అరచేయి తిప్పి చూసేవాడు, కాయలు కాసిందా లేదా అని. ఇంకొకణ్ణి పార పట్టుకుని చూపించమనేవాడు. ఆయన వేలు చూపించినవాడు వెనకాల నడిచేవాడు, చూపించనివాడు ఇంకో మేస్త్రి కోసం ఎదురుచూసేవాడు. తిట్టుకి అలిగి ఒకడు వెళ్లిపోతే వాడి పారని పట్టుకోవడానికి నలుగురు సిద్ధంగా ఉండేవాళ్లు.

తరవాత ఆ వరస పల్చబడింది. ఊరి చివర పెద్ద పెద్ద కంపెనీలు ఆకాశానికి అంటేలా అంతస్తులు లేపుతూ ముఠాలకి ముఠాల్ని బస్సుల్లో ఎక్కించుకుపోయాయి. అక్కడ నెత్తికి టోపీ ఇస్తారు, తాగడానికి చల్లటి నీళ్లిస్తారు. కుర్రకారు అసలు ఆ ఎండ జోలికే రామన్నారు. బండి మీద సంచీలు మోసేవాళ్లు కొందరు, చల్లటి షాపుల్లో ఫోన్లు అమ్మేవాళ్లు కొందరు. వాళ్లని తప్పుపట్టను. మా అక్క కొడుకే దీనికి సాక్ష్యం. సిమెంటు బస్తా ఎత్తమంటే నడుం పట్టేసిందన్నవాడు, ఇప్పుడు సరుకుల వ్యాను నడుపుతూ లిఫ్టు లేని ఇళ్లకి ఫ్రిజ్‌లు మోస్తున్నాడు.

"బస్తా కంటే ఫ్రిజ్ బరువు కదరా" అన్నాను ఒకసారి.

"ఫ్రిజ్ తిట్టదు కదా పిన్నీ" అన్నాడు.

ఇప్పుడు అడ్డా దగ్గర బావని కూలీలు ఏరుకోవడం మొదలైంది. ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని వెళ్లి నిలబడేవాడు పాపం. పిట్టగోడ మీద కూర్చున్నవాళ్లు ఫోనులోంచి తల ఎత్తకుండానే ప్రశ్నలు వేసేవాళ్లు. ఎన్నో అంతస్తు, కంకర కలపడానికి మిషను ఉందా, నీడ ఉందా, టీ ఎన్నిసార్లు అని. ఒకరోజు కొత్తగా వచ్చిన ఒకడు ఆఖరి ప్రశ్న వేశాడట.

"అన్నట్టు, ఆ ఉరుముల మేస్త్రి పని కాదు కదా? ఆయన పనైతే మేం రాం."

బావ గొంతు సవరించుకుని, "ఛ, ఛ. ఆయన దగ్గర నేనూ చేసి మానేసినవాణ్ణే" అన్నాడట.

పాపం వాళ్లు నమ్మి వెంట వచ్చారు. టీ తాగే వేళ వరకు బావ నోరు అదుపులోనే ఉంది. తరవాత ఎవడో కలిపిన సిమెంటు మాలులో నీళ్లు ఎక్కువ పోశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి పని దగ్గర బావా, ఆ పల్చటి మాలూ మాత్రమే మిగిలారు. ఈ కథ నాకు బావ చెప్పలేదు. అక్క చెప్పింది, మధ్యమధ్యలో నవ్వాపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంటూ.

ఆపైన ఎక్కడో దూరం నుంచి మన భాష రాని ముఠా ఒకటి దొరికింది. బావ ఆనందానికి హద్దులు లేవు. ఎంత తిట్టినా నవ్వుతూ తల ఊపేవాళ్లు. కరువుతీరా తిట్టుకున్నాడు. చిక్కేమిటంటే వాళ్లు చురుకైనవాళ్లు. చెవిన పడ్డ మాటే కదా ఎవరైనా నేర్చుకునేది. ఒకరోజు వాళ్లలో ఒక పెద్దమనిషి మా షాపుకొచ్చి, రెండు చేతులూ జోడించి, ఎంతో వినయంగా, "ఏరా గాడిదా, రెండంగుళాల మేకులున్నాయా" అని అడిగాడు. గాడిదంటే అయ్యగారూ లాంటి మాట అనుకున్నాడు. మేకులు తూచి ఇచ్చి ఆ మాటకి అర్థం కూడా చెప్పాను. ఆ ముఠా ఆ వారంలోనే వేరే పని చూసుకుంది. నావల్లే పోయారని బావ ఇప్పటికీ అంటాడు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ పొట్టిమామ వెళ్లిపోవడం. మనిషి పొట్టి, మాట నెమ్మది. ముఠాకి పెద్ద, భార్యాభర్తలిద్దరూ బావ దగ్గర పని చేస్తూ చేస్తూ తల నెరిసినవాళ్లు. తిట్లని వాన చినుకుల్లా దులుపుకుపోయేవాడు. ఒకనాడు ఆయన కొత్తల్లుడు పని చూస్తానని వచ్చి పక్కనే నిలబడి ఉన్నాడు. పొట్టిమామ చేతిలోంచి మాలు మోసే గమేళా జారింది. "నీకంటే ఆ గమేళా నయం, పెట్టిన చోట ఉంటుంది" అన్నాడు బావ, అందరికీ వినపడేలా.  పొట్టిమామ గమేళా బోర్లించి, చేతులు కడుక్కుని, అల్లుణ్ణి తీసుకుని నడిచిపోయాడు. ముఠా మొత్తం ఆయన వెనకే నడిచింది. అల్లుడి ముందు మాట పడితే ఏ మామైనా అంతే చేస్తాడు. ఇందులో నేను బావ పక్షం కాదు.

ముఠా లేని మేస్త్రి అంటే రాజ్యం లేని రాజు కూడా కాదు, ఉత్త పెద్దాయన. అక్క కొడుకు ఊరి చివర కంపెనీలో గేటు దగ్గర కుర్చీ ఉద్యోగం మాట్లాడిపెట్టాడు. లోపలికి వెళ్లే లారీలకి కర్ర ఎత్తడం, దించడం. "నీడపట్టున ఉంటావు నాన్నా" అన్నాడు. బావ ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. ఎవరో కట్టే గోడలు చూస్తూ కుర్చీలో కూర్చోవడం కంటే తనకి పెద్ద శిక్ష లేదని అక్కతో అన్నాడట. ఆ మాట విన్నాక మాత్రం నాకు వేళాకోళం రాలేదు.

అప్పటికి ఆయన చేతిలో మిగిలిన పని ఒక్కటే, మా షాపు పక్క జాగాలో మేం కట్టిస్తున్న గోడౌను. గోడలు ఆయనే ఒక్కడూ నత్తనడకన లేపాడు. సెంట్రింగు చెక్కలు కొట్టించాడు, వాటి కింద ఆసరాగా పోట్లు నిలబెట్టించాడు, పైన ఇనుము కట్టించాడు. ఇక స్లాబ్ పడాలి. స్లాబ్ ఒక్కడి చేతి పని కాదు. మొదలుపెట్టాక మధ్యలో ఆపే పని కూడా కాదు. ఆపిన చోట అతుకు పడుతుంది, అతుకు పడ్డ చోట వాన దిగుతుంది. మబ్బులు అప్పటికే పట్టపగలు తిరుగుతున్నాయి. ఇంతమందిని ఒక్కసారి తీసుకురాగలిగింది పొట్టిమామ ఒక్కడే. ఆయన వస్తే బావ మేస్త్రిగా మిగులుతాడు, రాకపోతే కుర్చీ.

బావ వెళ్లలేడు, మొహం చెల్లదు. అక్క వెళ్లింది. పొట్టిమామ భార్యతో మాట్లాడి, సాయంత్రం నా షాపులోనే వచ్చి కూర్చుని చెప్పింది.

"వస్తారట. కూలి ఎక్కువ అడగలేదు. ఒకే షరతు. స్లాబ్ పడి అందరూ చేతులు కడుక్కునేదాకా ఈయన పైకెక్కకూడదు, నోరు తెరవకూడదు. ఒక్క తిట్టు చెవిన పడ్డా గమేళాలు అక్కడే బోర్లిస్తారట."

బావ స్టూలు మీద కూర్చుని బైండింగు వైరు ముక్కని వంకర తిప్పుతున్నాడు. "తిట్టకుండా స్లాబా" అన్నాడు నీరసంగా.

"ఇంట్లో నాతో ఉన్నట్టే ఉండండి" అంది అక్క.

స్లాబ్ రోజు బావకి మా షాపు వరండాలో కుర్చీ వేశాం. గోడౌను ముందువైపు లారీ పట్టేంత ఖాళీ వదిలాం కాబట్టి, అక్కడినుంచి స్లాబ్ కిందున్న పోట్లన్నీ కనిపిస్తాయి. పైన జరిగేది చెవులతో వినాల్సిందే. పొట్టిమామ ముఠాతో వచ్చాడు. బావ వైపు చూసి తల ఊపాడు. బావ నోరు తెరిచి, గుర్తొచ్చి, మూసుకుని తనూ తల ఊపాడు. కాస్త దూరంలో కంకర మిషను తిరగడం మొదలైంది. గమేళాలు చేతులు మారుతూ చెక్కమెట్ల మీదుగా పైకి పోయాయి.

ఇంతకంటే వినోదం నేను డబ్బిచ్చి కూడా చూడలేదు. బావ కుర్చీలో కూర్చుని నోటితో చేసే పనంతా ఒంటితో చేస్తున్నాడు. గమేళా ఆలస్యమైతే మోకాలు ఊగేది. మిషను దగ్గర నీళ్లు ఎక్కువయ్యాయనుకుంటే కళ్లు గట్టిగా మూసుకునేవాడు. ఒకసారి మెడ నరాలు పొంగుకొచ్చి, మొహం ఎర్రబడి, ఏదో గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

"మింగెయ్ బావా, ఇవిగో మంచినీళ్లు" అని గ్లాసు అందించాను. నాకేసి చూసిన చూపులో పాతవీ కొత్తవీ తిట్లన్నీ ఉన్నాయి.

పైన మనుషులు తక్కువగా వచ్చినట్టున్నారు. పొట్టిమామ ముఠాలోనూ కొందరు ఆ బస్సులెక్కేశారట. గమేళాలు అందించే చేతులున్నాయి గానీ, పోసిన కంకరని అటూ ఇటూ సర్దేవాళ్లు చాలలేదు. దాంతో తెచ్చింది తెచ్చినట్టు ఒక మూల కుప్ప పడుతోంది. కుప్ప పెరిగితే ఆ బరువంతా కింద ఒకటి రెండు పోట్ల మీద పడుతుంది. అది పైనున్నవాళ్లకి తెలియదు. కింద కూర్చున్నవాడికి తెలుస్తుంది.

బావ మోకాలు ఊగడం ఆగిపోయింది. ఆయన చూస్తున్న వైపు చూశాను. మూలనున్న పోటు కింద బిగించిన చెక్క ముక్క పక్కకి జారుతోంది. పోటు కొద్దిగా వాలింది. పై చెక్కల సందులోంచి సిమెంటు నీళ్లు ధారకట్టాయి. ఆ పైన పొట్టిమామా, ఆయన భార్యా, ఆడా మగా కలిసి ముఠా అంతా ఉన్నారు.

బావ లేచి అరిచాడు.

"ఆపండ్రా గాడిదల్లారా. దిగండ్రా దున్నపోతుల్లారా. ఒక్క గమేళా పోశారంటే కాళ్లు విరగ్గొడతా."

ఒక్కరూ ఆగలేదు. పైన నవ్వులు వినిపించాయి. "మధ్యాహ్నం దాకా ఆగుతాడనుకున్నానే" అని ఒక ఆడమనిషి అంది. "అయిపోయింది, మొదలెట్టాడు" అని మెట్ల మీదున్న ఇంకెవరో నెత్తి మీద గుడ్డచుట్ట విప్పేశారు. గమేళా ఇంకొకటి కుప్ప మీద పడిన చప్పుడు వినిపించింది. పాతికేళ్లుగా మాలు పల్చనైనా అదే గొంతు, ఇటుక వంకరైనా అదే గొంతు, ఇప్పుడు ప్రాణాలు పోతాయన్నా అదే గొంతు. ఎవరికి తేడా తెలుస్తుంది?  

బావకి అర్థమైనట్టుంది.  తరవాత వీధి మధ్యకి వచ్చి, పైకి చూస్తూ, రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా, తల్లీ. కొంచెం ఆగండమ్మా. అయ్యా మామా, నీకు దణ్ణం పెడతాను. అందరూ మెల్లగా మెట్ల వైపు జరగండి."

అరుపు కూడా కాదది. ఇంట్లో అక్కతో మాట్లాడే గొంతు. మెట్ల మీదున్న చేతులన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అందుకున్న గమేళా అందుకున్నట్టే ఉంది. మిషను దగ్గరవాడు మిషను కట్టేశాడు. మేస్త్రి నోట అమ్మా అన్న మాట వచ్చిందంటే కొంప మునిగిపోతోందని ఒకరు చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది. పొట్టిమామ భార్య అయితే తెల్లబోయి, "ఏమైంది మేస్త్రీ, ఏమైందయ్యా" అంటూ అంచు దాకా వచ్చేసింది.

"అంచుకి రాకమ్మా. వెనక్కి జరుగు. మామా, ఆ మూల కుప్పని నువ్వొక్కడివే, అడుగు పెట్టకుండా, పారతో దూరం నుంచి లాగు."

పొట్టిమామ లాగాడు. మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు మెట్ల వైపు నడిచారు. ధార సన్నబడింది. బావ సుత్తి పట్టుకుని గోడౌను లోపలికి నడిచాడు. "నువ్వెళ్లకు బావా" అన్నాను, నిజంగానే భయపడి. వినిపించుకోలేదు. పొట్టిమామ పార పడేసి, దిగి, ఆయన వెనకాలే లోపలికి దూరాడు. ఒకరు కొత్త పోటుని నిలబెట్టి భుజం ఆనిస్తే ఒకరు చెక్క ముక్కలు బిగించి కొట్టారు. నేను చెవులు రిక్కించి విన్నాను. సుత్తి చప్పుడు తప్ప లోపల్నించి మాట రాలేదు.

ఇద్దరూ బయటికొచ్చారు. బావ చొక్కా నిండా సిమెంటు నీళ్లు. నేరుగా వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. కలిపిన కంకర ఎవరి కోసమూ ఆగదు, గట్టిపడుతుంది. షరతు తప్పాడు కాబట్టి ముఠా వెళ్లిపోవచ్చు. ఎవరూ వాళ్లని తప్పుపట్టలేరు. అందరూ పొట్టిమామ మొహం చూస్తున్నారు. పొట్టిమామ బావ మొహం చూస్తున్నాడు.

"కూర్చున్నావేం మేస్త్రీ" అన్నాడు. "పైకి రా. సర్దేవాళ్లు చాలట్లేదు."

"పైకెక్కనని మాటిచ్చాను."

"నేనే రమ్మంటున్నాగా. నోరు కూడా తెచ్చుకో. ఇందాకటి రెండోది తెచ్చుకో, మొదటిది ఇక్కడ నీ మరదలి షాపులో పెట్టి రా."

నేను ఆ మొదటిది తీసుకుని దాచానో లేదో గానీ, బావ పైకెక్కాడు. సాయంత్రం దాకా ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. "ఒరే దున్న..." అని మొదలుపెట్టి, దగ్గి, "కాస్త ఇటు సర్దు" అని పూర్తి చేస్తున్నాడు. దగ్గులు ఎన్నో చెప్పలేను. ఊళ్లో దగ్గు మందు అమ్మేవాడు వింటే ఆశపడేవాడు. స్లాబ్ మాత్రం అతుకు లేకుండా పడింది.

చేతులు కడుక్కుని ముఠా బయల్దేరుతుంటే బావ గోడౌను ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆయన సాయంత్రం చెప్పేది ఒకటే మాట, రేపు రాకపోతే చూడండి అని. ఆ మాట చెప్పడానికి లేదు. వేరే మాట అలవాటు లేదు. పరీక్షలో జవాబు రానివాడిలా నిలబడిపోయాడు. నేను మాట అందించకూడదనుకున్నాను, అందించలేదు.

"రేపటినుంచి..." అన్నాడు చివరికి. "నా దగ్గరికి వస్తారా మామా?"

పొట్టిమామ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తొందరపడలేదు.

"వస్తాం మేస్త్రీ. మాకు మాత్రం నువ్వు తప్ప ఎవరు తెలుసు. ఆ కంపెనీ బస్సు మెట్లు మా మోకాళ్లకి ఎక్కడం రావట్లేదు." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "అయితే ఒకటి. మేం వస్తాం గానీ మా వెనక ఎవరూ లేరు. అల్లుడు రానన్నాడు. కొడుకు రానన్నాడు. నీవాడూ రాలేదుగా. ఇంక మేమే."

 ఇన్నాళ్లూ బావ మనుషుల్ని అంత ధీమాగా తిట్టింది, ఒకడి వెనక ఇంకొకడు నిలబడి ఉంటాడనే. ఆయన పొట్టిమామ భుజం మీదుగా వెనక్కి చూశాడు. నేనూ చూశాను. గోడకి ఆనించిన గమేళాలు, తడిసిన వీధి తప్ప ఏమీ లేవు. నాకు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్లిపోదామనుకుని కూడా వెళ్లలేదు.

"మోకాళ్లు నొప్పంటున్నావు" అన్నాడు బావ. "మెల్లగా నడిచి వెళ్లండి. చీకటి పడకముందే ఇల్లు చేరండమ్మా."

అమ్మా అన్నాడు మళ్లీ. ఈసారి మాత్రం ఎవరూ భయపడలేదు.